సూదిచెట్ల కింద చీపురు

మొన్న మనవరాలు ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. "తాతా, ఇది చూడు. మా ఆఫీసు గేటు దగ్గర పెద్ద చెట్టుంది, కిందంతా ఎండు నేల. ఏ మొక్కలేస్తే బతుకుతాయి?" అని అడిగింది. సగం తెలుగు, సగం బర్మా, పైన ఇంగ్లీషు తాలింపు. మీ పిల్లలందరి మాటా ఇప్పుడు అదే కదా! నేను కళ్ళద్దాలైనా పెట్టుకోలేదు. "మొక్కల సంగతి తరవాత. ముందు ఆ చెట్టు కింద రోజూ ఊడ్చేదెవరో చెప్పు," అన్నాను.

అది పకపకా నవ్వింది. "నేనేటి అడిగేను, నువ్వేటి చెప్తన్నావు తాతా!"

నవ్వండి బాబూ, నవ్వండి. నేనూ అలాగే నవ్వేవాణ్ణి. ఊడ్పుకీ మొక్కకీ సంబంధమేటని నన్నెవరైనా అడిగితే, ఊడిస్తే నేల శుభ్రంగా ఉంటుంది, ఇంకేటుంది అనీవాణ్ణి. ఈ యాంగన్‌లో తోటపని చేస్తూ తల నెరిసిపోయేక, ఇంకో రెండు వానాకాలాలు చూస్తే ఇంటికెళ్ళి కూర్చుందామనుకుంటున్న వేళ తెలిసొచ్చింది ఆ సంబంధం. ఎంత సంబరంగా తెలిసొచ్చిందో చెప్తాను, వినండి. ఇప్పటికీ తల్చుకుంటే నాకు కూర్చున్న చోట కూర్చోబుద్ధి కాదు.

అహ్లోన్‌లో, రేవుకి దగ్గర్లో, ఒక ధర్మ పురిటాసుపత్రిలో నేను తోటమాలిని. పేరుకి తోటమాలినే గానీ గేటు తాళం, నీళ్ళ మోటారు, కాలవలో చెత్త, అన్నీ మన నెత్తినే. ఆ ఆసుపత్రి ముందు వాకిట్లో వరసగా అయిదు పైన్ చెట్లు. ఏ కాలం నాటి డాక్టరుగారో ఎగువన కలో అనే ఊరి కొండల మీంచి మొలకలు తెచ్చి నాటేరట. కొండ చెట్టు ఈ ఉక్కలో ఎలా బతికిందని అందరికీ ఆశ్చర్యమే. ఆకు సూదిలా ఉంటుంది కాబట్టి మా తెలుగోళ్ళం వాటిని సూదిచెట్లు అనీవాళ్ళం. లోపల కోడలు నొప్పులు పడుతుంటే, బయట అత్తలూ మొగుళ్ళూ అన్నం కేరియర్లు పట్టుకుని ఆ నీడలోనే కూర్చునీవారు. ఆ వాకిట్లో ఇంకో నీడ లేదు.

నీడైతే ఉంది గానీ, చెట్ల కింద నేల చూస్తే ఏడుపొచ్చేది. గోడ పొడుగునా మడి కట్టడానికి వీలైన జాగా, అందులో గడ్డిపోచ లేదు. పొద్దున్న కాసేపు ఏటవాలుగా ఎండ తగులుతుంది, తరవాత రోజంతా నీడ. వేళ్ళు నరాల్లా పైకి తేలిపోయి, మధ్యలో సిమెంటులా బిగిసిపోయిన మన్ను. బోడిగుండు కూడా దాని కన్నా నయం, నాలుగు రోజులకి వెంట్రుకైనా మొలుస్తుంది.

ఇక ఆ నేలని ఊడ్చేది మా అప్ప. తోడబుట్టింది కాదు. మా వీధిలో నాకన్నా పెద్దది, చిన్నప్పట్నించీ అప్పా అని పిలిచేను, అంతే. పదిమందికి వినిపించే గొంతు, వెదురు పుల్లల చీపురు, నడుముకి బిగించిన లుంగీ. ఆసుపత్రి వెనక గదిలోనే కాపరం. తెల్లారేసరికి చెట్ల కింద చీపురు జాడలు దువ్విన జుట్టులా వరసగా కనపడాలి, లేకపోతే ఆవిడకి టీ దిగదు. "తెల్లారి వాకిలూడవని ఇంట్లోకి లచ్మి వస్తాదేట్రా?" అనీది. అంతటితో ఆగితే బాగుండును. బర్మావాళ్ళకి ఊడవడం పుణ్యం. కుతో అంటారు వాళ్ళు. గుళ్ళ దగ్గర పెద్ద పెద్దవాళ్ళు గుంపులుగా చేరి, వరసలో నిలబడి ఊడవడం మీరు చూసే ఉంటారు. మా ఆసుపత్రిక్కూడా అలా వచ్చీవారు. కోడలికి సుఖంగా పురుడొస్తే అత్తగారు సంతోషం పట్టలేక చీపురందుకునీది. మన లక్ష్మీ, వాళ్ళ కుతో కలిసి ఆ నేల మీద ఒక్క సూది నిలవనిచ్చేవి కావు.

ఇలా ఉండగా ఒక కసోన్ పున్నమి, అంటే మన వైశాఖ పున్నమి, వెళ్ళిన మర్నాడు కమిటీ సెక్రటరీగారు నన్నూ, మా పెద్ద నర్సమ్మనీ వాకిట్లోకి పిలిచేరు. ఆయన్ని ఊలే అని పిలుస్తాం, అంటే బాబాయిగారని. మంచివాడే. నోట్లో కిళ్ళీ, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక సాంపిలు. ఆ రోజు చేతిలో బూడిదరంగు టైలు ముక్క.

"ఈ చెట్లు కొట్టించేసి టైల్స్ వేయిద్దాం," అన్నాడు. "నొప్పులతో వచ్చేవాళ్ళ కార్లు తిరగడానికి చోటు లేదు. ఈ చెట్ల కింద ఏమైనా పెరుగుతోందా? లేదు. సూదులు రాలడం తప్ప దేనికి పనికొస్తాయి? టైల్స్ వేస్తే వారానికోసారి పైపుతో కడిగితే చాలు, ఊడ్చే మనిషి కూడా అక్కర్లేదు."

చీపురు చప్పుడు ఆగిపోయింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూడక్కర్లేదు కదా! పని పోతే వెనక గది పోతుంది. గది పోతే అప్పకి యాంగన్‌లో తల దాచుకునే చోటు లేదు. మొగుడు లేడు, ఒక్క కూతురు థాయిలాండులో ఎక్కడో పనిలో ఉంది, తనకే చోటు లేదు.

పెద్ద నర్సమ్మని మేం సయామా అనీవాళ్ళం, గౌరవంగా. చిన్న మనిషి, గొంతు పైకి లేవదు, కానీ పట్టు పట్టిందంటే ఉడుమే. "ఊలే, నీడ తీసేస్తే జనాన్ని ఎక్కడ కూర్చోబెడతారు?" అంది. ఆయన కిళ్ళీ ఇటు నించి అటు మార్చుకున్నాడు. చివరికి బేరం తెగింది. వచ్చే కసోన్ పున్నమికి దాతలందరూ వస్తారు. అప్పటికి చెట్ల కింద పచ్చగా కనపడితే చెట్లుంటాయి. లేకపోతే టైల్స్.

"నీ చేతిలో ఉంది," అని సయామా నా మొహంలోకి చూసింది. నాకు ఒళ్ళంతా పౌరుషం పుట్టుకొచ్చింది. ఇంతకాలం మన్ను పిసికేను, ఆ మాత్రం చెయ్యలేనా? అనేసుకున్నాను.

చెయ్యలేకపోయేను! సెక్రటరీగారికి పువ్వులంటే మోజని గులాబీలు పెట్టేను, బంతి వేసేను, మల్లె అంట్లు గుచ్చేను. వానలు మొదలయ్యేయి కదా, అన్నీ జివ్వున లేచేయి. నేను మీసం మీద చెయ్యేసుకుని తిరిగేను. వానలు ఆగేయి. అప్పుడు మొదలైంది. గులాబీ కాళ్ళు సాగదీసి వెలుతురు కోసం మెడ చాచింది, ఒక్క మొగ్గ లేదు. బంతికి బూడిద తెగులు. మల్లె ఆకు ఆకూ రాల్చీసింది. నీళ్ళు పోద్దామా అంటే నీళ్ళెక్కడివి? కరెంటుంటే మోటారు, మోటారాడితే నీళ్ళు, ఆ నీళ్ళు ముందు పురుళ్ళ గదికి. ఒకసారి దొంగతనంగా రెండు బకెట్లు పోసేను. పోసిన నీళ్ళు పోసినట్టే సూదిచెట్టు వేళ్ళు లాగేసుకున్నాయి. పెద్దోడి కంచంలో చెయ్యి పెడితే పిల్లాడికేటి మిగులుతుంది? సయామా చూసింది. ఖాళీ బకెట్లు తీసుకెళ్ళి మోటారు దగ్గర పెట్టేసింది. అది నాకు కొరడాతో కొట్టినట్టుంది.

అప్ప మాత్రం ఊరుకోలేదు. ఎండిపోయిన బంతి మొక్కల్ని చీపురుతో ఓ పక్కకి నెట్టి, "పెల్లికొచ్చిన ముత్తైదువుల్లాగా తెచ్చి నిలబెట్టేవు. ఇప్పుడు సూడు ఎలగున్నారో," అంది. నవ్వింది గానీ కళ్ళలో నవ్వు లేదు. "ఒరే తమ్ముడూ, నా గది నీ మొక్కల మీద ఆనుకుని ఉన్నాదిరా. గేపకం పెట్టుకో," అని వెళ్ళిపోయింది.

ఆ రోజు నేను మొహం చెల్లక జనరేటరు షెడ్డు వెనక్కి పోయేను. అక్కడికెవరూ రారు. అయిదో సూదిచెట్టు కొమ్మ ఒకటి గోడ మీంచి షెడ్డు వెనక్కి వాలి ఉంటుంది. దాని కింద ఏళ్ళ తరబడి రాలిన సూదులు పరుపులా పేరుకుపోయేయి. దిగులుగా దాని మీద చతికిలబడ్డాను. ఊరికే వేలితో కెలికేను. పైన ఎండు. ఇంకా లోపలికి పెట్టేను. చల్లగా తగిలింది!

ఓరి నాయనో! వానలాగి ఎన్నాళ్ళో అయ్యింది, చుక్క నీరు పడలేదు, కింద మన్ను తడిగా ఉంది! చేతికి మెత్తగా, నల్లగా, కాఫీ పొడిలా వచ్చింది. పక్కకి చూద్దును కదా, గోడ వారన రణపాల మొక్కలు గుంపుగా, మందంగా, నవనవలాడుతూ నా మొహంలోకి చూస్తున్నాయి. ఎవరు నాటేరు? ఎవరూ నాటలేదు. ఎవరు నీళ్ళు పోసేరు? ఎవరూ పొయ్యలేదు. ఎవరు ఊడ్చేరు?

ఎవరూ ఊడవలేదు!

నేను లేచి గంతేసేను. నిజంగానే గంతేసేను. చెట్టు తన పిల్లల కోసం తనే దుప్పటి నేసి పరుస్తుంటే, ఇన్నేళ్ళూ తెల్లారగానే దాన్ని లాగి అవతల పారేస్తున్నది మనమే! సూదులు పడితే నేల పాడవుతుందని మా మేస్త్రీలు చెప్పిన మాట నెత్తిన పెట్టుకుని తిరిగేను ఇంతకాలం. గుప్పెడు మన్ను పట్టుకుని పరిగెత్తుకెళ్ళి సయామా బల్ల మీద పెట్టేను. ఆవిడ రోగుల కాగితాల మీద మన్ను పడిందని తిట్టలేదు. వేలితో నలిపి, వాసన చూసి, "అయితే ఊడ్చడం ఆపించు," అంది.

ఆపించు! ఎంత తేలిగ్గా అనేసిందో! మా అప్ప చేతిలో చీపురు ఆపించడం కన్నా ఐరావతి నదిని ఆపించడం తేలిక.

"ఏటీ?" అంది అప్ప. "ఊడవొద్దా? నీకు బుర్ర తిరిగిందేట్రా? ఊడవకపోతే నానెందుకిక్కడ? ఆ ఊలే రేపొచ్చి సూత్తాడు, సెత్త సెత్తలాగే ఉన్నాది, ఈ ముసల్ది ఏటి సేస్తన్నాదీ అంటాడు. పున్నమి దాకా ఎందుకు, రేపే నా మూట ఈదిలో పడతాది."

"ఊడిస్తే మొక్క బతకదు అప్పా. మొక్క బతక్కపోతే చెట్టు పోతుంది. చెట్టు పోతే..."

"చెట్టు పోతే నానూ పోతాను, తెలుసు. ఊడిస్తే పున్నమికి పోతాను, ఊడవకపోతే రేపే పోతాను. ఏది నయం, నువ్వే సెప్పు."

ఆవిడన్నదాంట్లో తప్పేటుంది? చీపురు జాడలు కనిపిస్తేనే ఆవిడ పని కనిపిస్తుంది. కనపడని పనికి ఎవరు గది ఇస్తారు? మొక్కై వంగనిది మానై వంగుతుందా అని నాలో నేను గొణుక్కుని వచ్చేసేను.

మర్నాడు పొద్దున్నే ఆవిడే నన్ను కేకేసింది. పాత గోడ కూలగొట్టినప్పటి ఇటికలు వెనకాల ఉండేవి. వాటిని తెచ్చి సూదిచెట్ల ముందు తాడు పట్టినట్టు వరసగా పేరుస్తోంది. నడుం మీద చెయ్యేసుకుని, "ఇదిగో, ఈ గీటుకి ఇవతల ఒక్క సూది ఉండనివ్వను. అవతల ఒక్క సూది తియ్యను. హద్దు లేకపోతే సెత్తరా. హద్దుంటే అది మడి. ఇప్పుడు ఎవుడేటంటాడో సూత్తాను," అంది.

నేను ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టబోయేను. "సాల్లే, ఎల్లి మొక్కలు తే. ఈసారి పెల్లికొచ్చినోల్లు కాదు, పనికొచ్చినోల్లు కావాల," అంది.

పనికొచ్చినవాళ్ళు! ఆ మాట పట్టుకునే బయల్దేరేను. నర్సరీల వైపు తిరిగి చూడలేదు. ఎవరూ పట్టించుకోని చోట్ల ఏవి బతుకుతున్నాయో చూస్తూ యాంగన్ అంతా తిరిగేను. పిల్లలూ, మీరూ అలాగే చెయ్యండి. ఎండు నీడలో ఏది బతుకుతుందని పుస్తకాన్ని అడిగే ముందు ఊరిని అడగండి. లత అనే పేటలో ఇరుకు సందుల మధ్య, పై అంతస్తు వాళ్ళు విసిరేసిన చెత్తలో, పాము ఒంటి చారలతో కత్తుల్లా నిలబడి ఉంది చాగనార. వేరుతో పీక్కొచ్చేను, ఎవరూ అడ్డు చెప్పలేదు. పాత బియ్యం మిల్లు గోడ నీడలో, ఆకు పైన పచ్చ, కింద ఊదా రంగుండే పొట్టి మొక్క పరుచుకుని ఉంది. కాపలావాడు "ఇదెందుకు?" అంటే "అత్తగారికి" అన్నాను, ఇచ్చేసేడు. మా వీధిలో ప్రతి గుమ్మం దగ్గరా వామాకూ, కలబందా ఉండనే ఉన్నాయి, అడగడమే ఆలస్యం. రణపాల షెడ్డు వెనకే దొరికింది.

నాటడం కూడా ఈసారి వేరు. పెద్ద వేళ్ళని నరకలేదు, వాటి మీద మట్టి గుట్టలు పొయ్యలేదు. వేరుకీ వేరుకీ మధ్య సందు చూసి, చిన్న గొయ్యి తీసి, చిన్న మొక్క పెట్టి, మళ్ళీ సూదులు కప్పేసేను. పొద్దుటెండ తగిలే అంచున కలబంద, వామాకు, రణపాల. లోపలి నీడలో చాగనార, ఊదా ఆకు. నాటుకునే వరకూ తడి కావాలి కదా? గేటు దగ్గర బాటసారుల కోసం పెట్టే నీళ్ళ కుండలున్నాయి. అందరూ సగం గ్లాసు తాగి, మిగతా సగం రోడ్డు మీదకి విసురుతారు. అప్ప అక్కడ నిలబడి, "ఇటు, ఇటు!" అని బర్మాలో అరిచి, ఆ సగం గ్లాసులన్నీ మడిలో పోయించింది. ఆ గొంతుకి జడిసి కొందరు నిండు గ్లాసే పోసేసీవారు.

ఇన్నీ ఉన్నా మధ్యలో, చెట్ల మొదళ్ళ దగ్గర, బాగా చీకటిగా ఉండే చోటు బోసిగానే ఉండిపోయింది. అక్కడ ఏటి పెట్టాలా అని బుర్ర గోక్కుంటుంటే చిమిండైంగ్ బజారు గుర్తొచ్చింది. వానాకాలంలో అక్కడ పూలమ్మేవాళ్ళ గంపల్లో ఒక పువ్వు వస్తుంది. పసుపు మొక్క లాంటి ఆకు, సన్నటి కాడ, బంగారు రంగులో వేలాడే పువ్వులు. బుద్ధుడికి పెడతారు. పడేంగో అంటారు, అంటే కంసాలి ఏడుపు అని. అంత నాజూకు పని తన చేత కాలేదని కంసాలి కూర్చుని ఏడ్చేడట. అది అడవిలో చెట్ల నీడల్లో పుట్టే పువ్వు కదా, వేసవిలో ఏమవుతుంది? ఎగురుకుంటూ బజారుకి పోయి పూలావిణ్ణి అడిగేను. "వేసవిలోనా? దుంప భూమిలో పడుకుంటుంది. వాన వాసన తగిలితే లేస్తుంది," అంది. నీళ్ళు అడగదు! నీళ్ళు లేని కాలమంతా నిద్రపోతుంది! నాకు అక్కడే ఈల వెయ్యాలనిపించింది. ఆవిడ చేత వాళ్ళ ఊరినించి దుంపలు తెప్పించి, చెట్ల మొదళ్ళ దగ్గర పాతి, సూదులు దట్టంగా కప్పేను.

వేసవి వచ్చింది. యాంగన్ అంతా పెనం మీద పెట్టినట్టుంది. మా మడి మాత్రం బతికింది! దాన్ని చూడ్డానికి రోజూ పని లేకపోయినా నాలుగుసార్లు వెళ్ళీవాణ్ణి. అప్ప ఇటిక గీటుకి ఇవతల అద్దంలా ఊడిచీది, ఆ సూదులన్నీ గంపకెత్తి అవతల పోసీది. ఆవిడకి తెలీకుండానే చీపురు దిక్కు మారిపోయింది.

కసోన్ పున్నమికి కొంచెం ముందు, రెండు మూడు సాయంత్రాలు చిరుజల్లు పడింది. పున్నమి నాడు తెల్లారి నేను సూదులు మెల్లగా తొలగించి చూసేను. లేత ముక్కులు! తెల్లగా, కొనకి ఆకుపచ్చ అంటుకుని, పడేంగో దుంపలన్నీ ఒక్కసారే లేస్తున్నాయి. వెలుగు చూడ్డానికి ఇంకా నాలుగు రోజులు పడుతుంది. అంతవరకూ చెయ్యి తగిలినా విరుగుతాయి. మళ్ళీ కప్పేసి, అప్పనీ సయామానీ పిలిచి చూపించేను. ముగ్గురం గుడిలో నిలబడ్డట్టు నిలబడ్డాం.

సెక్రటరీగారు వచ్చేరు. అంచున పచ్చగా ఉన్నది చూసి "ఊఁ" అన్నారు. మధ్యలో సూదుల పరుపు చూసి "ఇక్కడేమీ లేదే," అన్నారు. చంకలో టైలు సాంపిలు అలాగే ఉంది. "లోపల ఉన్నాయి ఊలే," అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

తరవాత దాతలు దిగేరు. అందరికన్నా పెద్దావిడ, కమిటీకి అధ్యక్షురాలు. అందరూ ఆవిణ్ణి అమే అంటారు, అమ్మ అని. బాగా ముసలావిడ, తెల్లటి జాకెట్టు, తలలో మల్లెలు, చూపులో గొప్ప శాంతం. ఆవిడ మాటంటే కమిటీకి వేదం. ఏటేటా ఆవిడకో ఆనవాయితీ ఉంది. అది నేనెలా మర్చిపోయేనో ఆ భగవంతుడికే తెలియాలి. అన్నదానానికి ముందు, సూదిచెట్ల కింద స్వయంగా నాలుగు చీపురు దెబ్బలు వేస్తుంది. కుతో! సెక్రటరీగారు అప్పటికే కొత్త చీపురుకి ఎర్ర రిబ్బను కట్టి పట్టుకుని నిలబడ్డారు.

ఆవిడ చీపురందుకుంది. ఇటికల గీటు దాటింది. సూదుల పరుపు చూసి, "అయ్యో, ఎంత పేరుకుపోయిందో! ఈ ఏడు నాకు చాలా పుణ్యం దాచి ఉంచారే," అని మురిసిపోయింది.

గట్టి వెదురు చీపురు, నాలుగు దెబ్బలు పడితే లేత ముక్కులన్నీ సఫా. ఆవిడ మొదలెడితే వెనకాల ఉన్న దాతలందరూ చీపుళ్ళందుకుంటారు. ఒక్క గడియలో మడి మళ్ళీ బోడిగుండు. అలాగని పుణ్యం చేసుకునే పెద్దావిణ్ణి వద్దని ఎవరంటారు? ఈ దేశంలో ఆ మాట అనడానికి ఎవరికి నోరొస్తుంది? సయామా కళ్ళు మూసుకుంది.

చీపురు పైకి లేచింది.

"అమే!"

మా అప్ప గొంతు. వాకిలంతా ఉలిక్కిపడింది. ఆవిడ గబగబా వచ్చి, పెద్దల ముందు బర్మావాళ్ళు కూర్చున్నట్టు మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు జోడించింది. బర్మా మాట ఆవిడకి వచ్చు గానీ, అది బజారు బర్మా. బేరమాడినట్టుంటుంది. ఆ భాషలోనే, గొంతు తగ్గించి, అంది:

"అమే, మెల్లగా. ఇక్కడ పసిపిల్లలు పడుకున్నారు. దుప్పటి లాగకండి."

పెద్దావిడకి అర్థం కాలేదు. లోపల వార్డు వైపు చూసింది. అప్ప రెండు వేళ్ళతో సూదులు తప్పించింది. తెల్లటి ముక్కు ఒకటి, తడి మన్నులోంచి, ఇంకా కళ్ళు తెరవని పిల్లలా.

పెద్దావిడ వంగింది. ఎంత కష్టపడి వంగిందో! కిందకి వంగి అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆ ముసలి చెయ్యి మెల్లగా సాగి, సూదులు తీసి, ఆ ముక్కు మీద మళ్ళీ కప్పింది. పురిటిగదిలో అమ్మమ్మలు బిడ్డ చెవుల మీదకి గుడ్డ లాగుతారే, అచ్చంగా అలా.

"మరి నా పుణ్యం?" అని అడిగింది అప్పని. నిజంగా చిన్నపిల్లలా అడిగింది.

అప్ప లేచింది. పెద్దావిడ చేతిలో చీపురు వదిలించకుండానే, ఆ చేతి మీద తన చెయ్యేసి, ఆవిణ్ణి చుట్టూ తిప్పి, ఇటికల గీటుకి ఇవతల నిలబెట్టింది. వాకిట్లో ఆ పొద్దుట రాలిన సూదులున్నాయి. "ఇటు నించి అటు, అమే. బయటికి కాదు, లోపలికి," అంది. ఇద్దరు ముసలమ్మలూ ఒకే చీపురు పట్టుకుని, మొదటి దెబ్బ చెట్టు వైపు వేసేరు.

ఇంక చూసుకోండి! దాతలందరూ చీపుళ్ళూ, చీపుళ్ళు లేనివాళ్ళు చేతులూ! నర్సులొచ్చేరు, బాలింతల అత్తలొచ్చేరు, వంటవాళ్ళొచ్చేరు. వాకిట్లో సూదులన్నీ మడిలోకి ఊడ్చుకుపోతుంటే, కొత్తగా తండ్రైనవాడిలా నేను మధ్యలో నిలబడి "మెల్లగా, మెల్లగా" అంటూ ఏడుస్తూ నవ్వుతున్నాను. సెక్రటరీగారు కూడా లుంగీ ఎగ్గట్టేరు. టైలు ముక్క ఎక్కడ పెట్టాలో తెలీక నీళ్ళ కుండ కింద పెట్టేరు. అది ఇప్పటికీ అక్కడే ఉంది, కుండ కదలకుండా.

పెద్దావిడ అలసిపోయి, చెట్టు నీడలో బెంచీ మీద కూర్చుని, చెమట తుడుచుకుంటూ సెక్రటరీగారితో అంది: "వచ్చే ఏడు కూడా ఈ పిల్లల్ని నేనే కప్పుతాను. ఈవిడ నా పక్కనుండాలి."

అంతే. ఆ తరవాత చెట్లు కొట్టే మాట ఎవరు ఎత్తుతారు! కార్లు తిరగడానికి వెనక గోడలో గేటు తీసేరు. అదేదో ముందే చెయ్యొచ్చు కదా అంటారా? మీరింకా కమిటీల్లో కూర్చోలేదు, అందుకే అలా అడుగుతున్నారు. వానలు జోరందుకునేసరికి చెట్ల మొదళ్ళ దగ్గర పడేంగో విరగబూసింది. బంగారం చినుకుల్లా వేలాడుతుంటే జనం గేటు దగ్గర ఆగి చూసీవారు. పెద్దావిడ గుడికి తీసుకెళ్ళడానికి మొదటి కాడలు అప్పే కోసిచ్చింది.

ఇంక ఒక్క సంగతి ఉంది. ఆ పున్నమి మధ్యాహ్నం, దాతలు వెళ్ళిపోయేక, అప్ప కనపడలేదు. వెతికితే జనరేటరు షెడ్డు వెనక, ఆ సూదుల పరుపు మీదే కూర్చుని ఉంది. చీపురు పక్కన పడేసి ఉంది. ఆవిడ చేతిలో చీపురు లేకుండా నేను చూడ్డం అదే మొదలు.

"ఒరే తమ్ముడూ," అంది, నా మొహం చూడకుండా. "ఆవిడ... పక్కనుండాలీ అన్నాది సూడు. అది నన్నేనా?"

"నిన్నే అప్పా. ఇంకెవర్ని?"

"ఇంత జోరుగా అరిసేను కదా. కోపం రాలేదా?"

"రాలేదు. నిన్నే ఉండమంది."

ఆవిడ కాసేపు సూదులు వేళ్ళతో నిమిరింది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. నేను వేరే వైపు తిరిగి నిలబడ్డాను.

నేను పని మానేసి ఇంటికొచ్చేసినా, అప్ప ఇంకా అక్కడే ఉంది, అదే వెనక గదిలో. పొద్దుటే చెట్టు వైపుకి ఊడుస్తుంది. వారానికోసారి ఫోను చేసి, ఏ మొక్క ఎలా ఉందో, కొత్తగా వచ్చిన కుర్ర తోటమాలికి ఎలా బుద్ధి చెప్పిందో, అంతా ఏకరువు పెడుతుంది. అన్నీ అయిపోయేక, ఫోను పెట్టెయ్యబోతూ, ఏదో గుర్తొచ్చినట్టు అడుగుతుంది.

"ఒరే, ఆ రోజు అమే ఏటన్నాదిరా?"

"ఈవిడ నా పక్కనుండాలి, అంది."

"మల్లీ సెప్పు."